రెండు గడులు, ఒక బటన్

2007 డిసెంబరు. అమెరికా అధ్యక్ష ఎన్నికల కోసం అయోవా రాష్ట్రంలో తొలి ఓటింగు జనవరి 3న. బరాక్ ఒబామా పేరు అప్పటికి చాలామంది విన్నారు కానీ, ఆయనెవరో సరిగ్గా తెలిసినవాళ్లు తక్కువ. ఆయన ప్రచార వెబ్‌సైట్‌ తెరవగానే ముందుగా ఒక పేజీ ఎదురయ్యేది. అందులో ఒక బొమ్మ, రెండు గడులు, ఒక బటన్. ఒక గడిలో ఈమెయిల్, రెండో గడిలో జిప్ కోడ్. ఈమెయిల్ చిరునామాలు సేకరించే ఫారాలు వందల కొద్దీ చూశాను. ఇంత శ్రద్ధగా చెక్కిన పని మరొకటి నాకు కనబడలేదు.

ముందు ఆ రెండు గడుల దగ్గరే ఆగాలి. ఏం అడిగారన్నదానికంటే ఏం అడగలేదన్నది చూడండి. ఫోన్ నంబరు లేదు, వయసు లేదు, వృత్తి లేదు. చివరికి పేరు కూడా లేదు. మెయిల్లో పేరు పెట్టి పలకరిస్తే ఆత్మీయంగా ఉంటుందని ప్రతి దుకాణమూ ముందు పేరే అడుగుతుంది. వీళ్లు దాన్ని వదులుకుని జిప్ కోడ్ అడిగారు. అమెరికాలో పార్టీ అభ్యర్థిని ఎన్నుకునే ప్రైమరీల్లో రాష్ట్రాలన్నీ ఒకే రోజు ఓటు వేయవు. ఇవాళ అయోవా వాళ్లకు పంపాల్సిన మాట వేరు, నెల తర్వాత కాలిఫోర్నియా వాళ్లకు పంపాల్సిన మాట వేరు. ఆ తేడా చెప్పడానికి 5 అంకెలు చాలు. మన పిన్‌కోడ్‌లో మొదటి అంకె 5 అని చూడగానే ఉత్తరం ఆంధ్ర, తెలంగాణ, కర్ణాటకల్లో ఎక్కడికో వెళ్లాలని తపాలా వాళ్లకు తెలిసిపోయినట్టు. టైపు చేయడానికి అయిదు సెకన్లు పట్టని గడి, పంపేవాళ్లకు మాత్రం నెలల తరబడి పనికొస్తుంది. ఏ గడి ఉంచాలో, ఏది తీసేయాలో తేల్చుకోవడానికి ఇంతకంటే మంచి కొలత నాకు తెలియదు.

పేరు అడగకపోవడంలో మరో లాభం ఉంది. అది మన తెలుగువాళ్లకు ఇంకా బాగా అర్థమవుతుంది. ‘ఫస్ట్ నేమ్’ అని అడిగితే మనలో చాలామందికి చెయ్యి ఒక్క క్షణం ఆగుతుంది. మనకు మొదట వచ్చేది ఇంటిపేరు కదా, అది రాయాలా? పిలిచే పేరు రాయాలా? పాస్‌పోర్టులో ఒకలా, బ్యాంకులో ఒకలా ఉన్న పేర్లు మన ఇళ్లలో ఎన్ని లేవు! తీరా రాసి పంపాక ‘డియర్ పోలిశెట్టి’ అని మెయిల్ వస్తుంది. ఆత్మీయత కోసం పెట్టిన గడి, మనిషిని ఇంటిపేరుతో కేకేసి పిలిచినట్టు చేసి ఊరుకుంటుంది.

ఇక బటన్. గూగుల్‌లో పనిచేసి ఆ ప్రచారంలోకి వచ్చిన డాన్ సిరోకర్ ఈ పేజీని తనకు నచ్చినట్టు తీర్చిదిద్ది ఊరుకోలేదు. బటన్ మీద నాలుగు రకాల మాటలు తీసుకున్నాడు: ‘సైన్ అప్’, ‘సైన్ అప్ నౌ’, ‘జాయిన్ అస్ నౌ’, ‘లర్న్ మోర్’. బొమ్మ చోట ఆరు రకాలు: మూడు ఫొటోలు, మూడు వీడియోలు. నాలుగార్ల ఇరవై నాలుగు. వచ్చిన ప్రతి మనిషికీ ఆ 24 పేజీల్లో ఏదో ఒకటి కనబడేలా చేసి, ఎవరు చేరారో, ఎవరు వెళ్లిపోయారో లెక్కపెట్టారు. మొత్తం 3,10,382 మంది చూశారు. అంటే ఒక్కో పేజీకి దాదాపు 13 వేల మంది.

ప్రచార బృందంలో వాళ్లకు బాగా నచ్చింది ‘శామ్ వీడియో’ అని పిలుచుకున్న ఒక వీడియో. పరీక్షే లేకపోతే దాన్నే పెట్టేసేవాళ్లు. తీరా లెక్క తేలాక మూడు వీడియోలూ మూడు ఫొటోల కంటే వెనకబడ్డాయి. గెలిచింది ఒబామా భార్యాపిల్లలతో కలిసి ఉన్న కుటుంబం ఫొటో, దాని కింద ‘లర్న్ మోర్’ బటన్. మొదట ఉన్న పేజీ చూసినవాళ్లలో 8.26 శాతం చేరితే, ఈ పేజీ చూసినవాళ్లలో 11.6 శాతం చేరారు. వందమంది వస్తే ఎనిమిదిమంది ఆగే గుమ్మం దగ్గర పన్నెండుమంది ఆగినట్టు.

వీడియోలు ఎందుకు ఓడాయన్నదానికి నా ఊహ ఇది. వీడియో చూడటం ఒక పని. ఫొటో చూడటం పని కాదు, కన్ను పడితే అయిపోయింది. చిరునామా ఇవ్వమని అడగడమే ఒక పని చెప్పడం. దానికి ముందు ఇంకో పని పెడితే మనిషి జారిపోతాడు.

బటన్ సంగతి నాకు ఇంకా ముచ్చటగా ఉంటుంది. ‘చేరండి’ అంటే అప్పటికే మనసు నిర్ణయించుకున్న మనిషితో మాట్లాడటం. ‘ఇప్పుడే’ అని తోడైతే తొందరపెట్టడం. ‘ఇంకా తెలుసుకోండి’ అన్నది ఇంకా తేల్చుకోని మనిషితో మాట్లాడటం. 2007 డిసెంబరులో ఆ గుమ్మం ముందు నిలబడ్డవాళ్లలో ఎక్కువమంది తేల్చుకోనివాళ్లే అయివుండాలి. వాళ్లున్న చోటికి మాటే దిగివచ్చింది. ఆ ఒక్క మార్పే, అంతకుముందున్న ‘సైన్ అప్’ కంటే 18.6 శాతం మెరుగైన ఫలితం ఇచ్చింది. బటన్ ఆకారం మారలేదు, గడులు మారలేదు, మాట మారింది.

ఈ కథ చెప్పేవాళ్లు సాధారణంగా పెద్ద అంకెతో ముగిస్తారు. ఈ మార్పు వల్ల 28,80,000 చిరునామాలు అదనంగా వచ్చాయని, వాటి ద్వారా 6 కోట్ల డాలర్ల విరాళాలు అదనంగా అందాయని. ఆ లెక్క వేసింది సిరోకరే. ఒక్కో చిరునామాకు సగటున 21 డాలర్లు వచ్చాయి కాబట్టి దానితో గుణించాడు. నేను 11.6ను నమ్మినంతగా 6 కోట్లను నమ్మను. మొదటిది లెక్కపెట్టిన సంఖ్య, రెండోది గుణించిన సంఖ్య. ఎలాగూ చేరేవాడు, మాట మారాక చేరినవాడు ఇద్దరూ సరిసమానంగా డబ్బిస్తారని అనుకుంటేనే అది నిలుస్తుంది. అయినా పనితనం విలువ దానితో తగ్గదు. తమకు నచ్చినది పక్కన పెట్టి, వచ్చినవాళ్లు ఏం చేశారో చూసి ఒప్పుకున్నారు. ఆ ఒప్పుకోలే నాకు నచ్చింది.

కంటికి కనబడని పనితనం గురించీ రెండు మాటలు చెప్పాలి. మంచి ఫారంలో ఈమెయిల్ గడి మీద వేలు పెట్టగానే ఫోన్ కీబోర్డులో @ గుర్తు ఎదురుగా వస్తుంది. మొదటి అక్షరం దానంతటదే పెద్దదైపోదు. బ్రౌజర్‌కు మన చిరునామా గుర్తుంటే ఒక్కసారి తాకితే గడి నిండుతుంది. ఆ గడి ఈమెయిల్‌ కోసమని, వెబ్‌పేజీలు రాసే భాష హెచ్‌టీఎంఎల్‌లో చిన్న మాట రాసి ఉంచినందువల్ల దక్కే సౌకర్యాలివి. ‘ఈమెయిల్’ అన్న పేరు గడి పైన స్థిరంగా ఉండాలి. గడి లోపల బూడిద రంగులో రాస్తే, టైపు మొదలుపెట్టగానే మాయమవుతుంది. మధ్యలో ఫోన్ మోగి తిరిగొచ్చిన పెద్దవాళ్లకు అక్కడేం అడిగారో గుర్తుండదు. ఇందులో ఒక లోటు మాత్రం నన్ను బాధపెడుతుంది. ఆంగ్లేతర లిపుల్లో ఈమెయిల్ చిరునామా పెట్టుకోవడానికి 2012లోనే సాంకేతిక ప్రమాణాలు వచ్చాయి. అయితే హెచ్‌టీఎంఎల్‌లో రాసుకున్న సూత్రం @కు ముందు తెలుగు అక్షరం కనబడితే తప్పు చిరునామా అంటుంది.

మెయిళ్లు పంపడానికి సమ్మతి అడిగే టిక్ పెట్టె విషయంలో చట్టమే పనితనం నేర్పింది. ముందే టిక్ పెట్టి ఉంచిన పెట్టెను సమ్మతిగా లెక్కించడానికి వీల్లేదని ఐరోపా న్యాయస్థానం 2019 అక్టోబరు 1న ప్లానెట్49 కేసులో తేల్చింది. మన దేశంలో 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం కూడా, మనిషి తనంతట తాను చేసిన స్పష్టమైన చర్యే సమ్మతి అంటుంది. ఆ సమ్మతి అడిగే మాటను ఇంగ్లిషులో గానీ, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని ఏ భాషలో గానీ చదువుకునే వీలుండాలనీ చెబుతుంది. ఆ షెడ్యూలులో తెలుగు ఉంది. కాబట్టి ఆ ఒక్క వాక్యం తెలుగులో చక్కగా రాయడం ఇకమీదట ఎవరో ఒకరి పని.

ఫారం ఎక్కడ పెట్టాలన్నది కూడా ఎంపికే. చదువుతుంటే మధ్యలో తెర మీదికి దూకే పెట్టెలు నాకు గిట్టవు. ఫోన్లో పేజీని కప్పేసే అలాంటి తెరలున్న సైట్లను శోధన ఫలితాల్లో వెనక్కి నెట్టడం గూగుల్ 2017 జనవరిలో మొదలుపెట్టింది. ఒబామా పేజీ కూడా గుమ్మంలోనే ఆపిందనే మాట నిజం. అది సరిపోయింది ఎందుకంటే, అక్కడికి వచ్చినవాళ్లు ఆయన్నే వెతుక్కుంటూ వచ్చారు. వంటకం కోసమో, బస్సు వేళల కోసమో వచ్చినవాళ్లకు అది కుదరదు. వాళ్లకు కావలసింది దొరికాక, పేజీ చివర అడగాలి.

ఆ మధ్య మా బంధువుల అబ్బాయి చేనేత చీరలు అమ్మే చిన్న సైటుకు ఫారం పెడుతూ నన్ను పిలిచాడు. “చూడు పిన్నీ, ఏమైనా తప్పుందా?” అన్నాడు. ఏడు గడులున్నాయి, పుట్టినరోజుతో సహా. బటన్ మీద ‘సమర్పించు’ అని ఉంది. మన భాషలో సమర్పించేది దేవుడికి నైవేద్యం, ఆఫీసరుకు అర్జీ. చీర చూడాలని వచ్చిన మనిషితో అనే మాట కాదు. పైగా ‘అండి’ లేని మాట.

“పుట్టినరోజు ఎందుకురా?”

“పనికొస్తుందేమోనని.”

“ఎప్పుడైనా వాడావా?”

లేదన్నాడు. ఒక్కో గడికీ అదే ప్రశ్న వేసుకుంటూ కొట్టేశాం. చాలాసేపు తర్కించుకుని బటన్ మీద ‘కొత్త చీరలు వస్తే చెప్పండి’ అని రాశాం. అది దుకాణం కొనేవాళ్లతో అనే మాట కాదు, కొనేవాళ్లు దుకాణంతో అనే మాట. కింద చిన్న అక్షరాల్లో: నెలకు ఒక్క మెయిల్, వద్దనుకుంటే ఒక్క నొక్కుతో ఆగిపోతుంది. చిరునామా తప్పు కొట్టినవాళ్ల మెయిళ్లు ఇంకెవరికో పోకుండా, ‘ఇది మీరే కదా’ అని అడిగే మొదటి మెయిల్ ఒకటి పెట్టాం. దాన్ని తెరవక కొందరు తప్పిపోతారని వాడు నొచ్చుకున్నాడు. పోనీ అన్నాను.

ఈమెయిల్ గడి కింద పిన్‌కోడ్ ఒక్కటి ఉంచమన్నాను. వాడు ఏడాదికి నాలుగైదు ఊళ్లలో చీరల ప్రదర్శన పెడతాడు. రాజమండ్రిలో పెట్టినప్పుడు ఆ చుట్టుపక్కల వాళ్లకే కబురు వెళ్తుంది.