సోకు ఎవరిది?

తెలుగులో 'సోకు' అనే మాట ఒకటి కాదు, రెండు. మొదటిది పాత తెలుగు క్రియ. తాకడం, అంటడం దాని అర్థం. ఎండ సోకుతుంది, జబ్బు సోకుతుంది, దయ్యం సోకుతుంది. రెండోది ఉర్దూ 'షౌక్' నుంచి వచ్చిన షోకు. అరబ్బీలో పుట్టిన ఆ మాటకు కోరిక, ఇష్టం అని అర్థం. ఉర్దూలో చదువు మీదా, పాట మీదా షౌక్ ఉండొచ్చు. తెలుగులోకి వచ్చాక అది చాలావరకు తల దువ్వుకోవడానికి, బట్టలకు, డాబుకు కుదించుకుపోయింది. నోట్లో 'ష' కాస్తా 'స' అయ్యేసరికి రెండు మాటలూ ఒకేలా వినిపిస్తాయి. అందుకే 'పట్నం సోకు' అనగానే ఇష్టం కన్నా ముందు అంటురోగం గుర్తొస్తుంది.

ఈ మాటను ఎవరు ఎవరి మీద వాడుతున్నారో చూడాలి. నారాయణఖేడ్ వైపు తండాల నుంచి చెరకు నరకడానికి వలసపోయిన వాళ్ల పిల్లలు ఇవాళ పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం కంపెనీల్లో కాంట్రాక్టు కూలీలు. వారమంతా షిఫ్టు చేసిన పిల్లగాడు ఆదివారం జుట్టు దిద్దుకుని ఇస్త్రీ చొక్కా తొడిగితే "తండా పోరనికి సోకులెక్కువైనయ్" అంటారు. అదే చొక్కా సూపర్‌వైజర్ తొడిగితే నీటుగా ఉన్నాడంటారు. చొక్కా ఒకటే, మాటలు రెండు.

ఆడపిల్లల విషయంలో ఇది ఇంకా గట్టిగా తగులుతుంది. అద్దాలు, గవ్వలు కుట్టిన ఫేటియా, కాంచళి వేసుకుని సభల్లో అతిథులకు ఎదురెళ్లి ఆడితే అది సంప్రదాయం. ఆ పిల్లే జీన్స్ వేసుకుని కంపెనీ బస్సెక్కితే సోకు. నిజానికి మన అవ్వల అలంకారం ఉత్త అందం కోసం కాదు. జుట్టుకు వేలాడే ఘుగ్రీ, చేతికున్న బలియా ఆమె పెళ్లయిన మనిషని చెప్పేవి. వెండి నాణేలు ఒంటి మీద మోసుకెళ్లే ఆస్తి. సంచార జాతికి ఒళ్లే పెట్టె, ఒళ్లే పత్రం. ఇవాళ్టి పిల్ల బట్టలూ ఒక మాట చెబుతున్నాయి: నా జీతం నాది, నన్ను చూసి తల తిప్పుకోకండి.

'సొమ్మొకడిది, సోకొకడిది' అని సామెత. పరాయి సొమ్ముతో డాబు చేసేవాడికి తగిలే మాట అది. తన షిఫ్టు కూలితో చొక్కా కొన్నవాడికి తగలదు. మన కుట్టుపనిని, మన ఆటను పోస్టర్ల మీద వేసుకుని, కుట్టిన చేతికి కూలి కూడా చూడని వాళ్లకే సరిగ్గా అతుకుతుంది.

అలాగని ప్రతి ఖర్చునూ వెనకేసుకు రానక్కర్లేదు. అప్పు చేసి ఫోను, బండి కొనడం చేటే. దాన్ని అప్పు అనే పేరుతోనే మాట్లాడదాం. సోకు అంటే లెక్క మరుగున పడుతుంది, మనిషి మీద మచ్చ మిగులుతుంది.

కథ రాసే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, పెదవికి రంగేసుకున్న పిల్లను చెడిపోయిన పిల్లగా చూపేముందు ఆ చూపు ఎవరిదో అడగండి. సార్లూ, టీచరమ్మలూ, "చదువు మీద లేదు గానీ సోకుల మీదుంది" అనే మాట బడిలో వద్దు. చదువు మీద కూడా షౌక్ ఉండొచ్చని చెప్పండి. ఆ మాటకు మొదటి అర్థం అదే కదా.