నేల, బాల్కనీ, వీధిగుమ్మం

మన విమర్శకులు సినిమా కథను తూచి చూస్తారు, పాటలను ఎంచుతారు. ప్రేక్షకుల మాట వచ్చేసరికి మాత్రం ‘నేల క్లాసు అభిరుచి’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. ఆ అభిరుచిలో హాలు కట్టిన తీరుకు పెద్ద భాగమే ఉన్నదని నా అభిప్రాయం.

1921లో బెజవాడలో మారుతీ హాలు వెలిసింది. ఆ తరువాత ఊరూరా లేచిన హాళ్లు, ఊళ్లో పక్కపక్కన కూర్చోని కులాలను ఒకే కప్పు కిందికి చేర్చాయి. చేర్చినట్టే చేర్చి, డబ్బు లెక్కన విడదీశాయి. తెర ముందు నేల, దాని వెనక బెంచీలు, కుర్చీలు, మేడమీద బాల్కనీ. నేలకు గుమ్మం వేరు. మనిషి మాత్రం పట్టే ఇరుకు సందులో టిక్కెట్ల కిటికీ వేరు. చాలాచోట్ల ఆడవాళ్లకు అడ్డుగోడ. తెరకు అంత దగ్గరగా, భుజం భుజం రాసుకుంటూ కూర్చున్నవాడు బొమ్మతో మాట్లాడకుండా ఎలా ఉంటాడు? ఆ ఈల మొరటుతనమని విసుక్కున్న బాల్కనీవాడికీ అది వినక తప్పలేదు.

2003లో హైదరాబాదులో ప్రసాద్స్ వచ్చింది. క్రమంగా నగరాల్లో మల్టీప్లెక్సులు పెరిగాయి. వాటిలో నేల లేదు. సీట్లన్నీ మెత్తనివే. ఇదే సమానత్వమని మురిసేవారున్నారు. నిజానికి లోపలి అడ్డుగోడ వీధిగుమ్మానికి జరిగింది. రోజుకూలి మనిషి భార్యాబిడ్డలతో వస్తే, ఆనాటి కూలి టిక్కెట్లకే చాలదు.

పాత హాళ్లు మళ్లీ కట్టమని నేననను. అవి అవమానాన్ని ఇటుకలతో కట్టినవే. కాని అక్కడ ఒక వర్గం గొంతు మరొక వర్గం చెవిన పడింది. సినిమాను ప్రజాకళ అనబోయే విమర్శకుడు ముందు ఆ గుమ్మం దగ్గర నిలబడి, లోపలికి పోతున్నదెవరో చూడాలి.