కాలాంతరయాత్రికుని ఆనవాళ్లు: ముచుకుందుడు మొదలు విశ్వనాథవారి విష్ణుశర్మ వఱకు

శ్రీ విశ్వనాథ సత్యనారాయణగారు 1959 నుండి 1961 వఱకు కరీంనగరమున ప్రభుత్వ కళాశాలకు ప్రధానాచార్యులుగా నుండిరి. ఉత్తర తెలంగాణమునందలి సాహిత్యాభిమానులు ఆ కొలదికాలమును నేటికిని గౌరవముతో స్మరింతురు. 1960 ప్రాంతపు ఆయన రచనలలో 'విష్ణుశర్మ ఇంగ్లీషు చదువు' ఒకటి. దీనిని హాస్యరచనగా, ఆంగ్లవిద్యపై అధిక్షేపముగా భావించి అంతటితో విడుచుట పరిపాటియైనది. అది హాస్యరచనయే, అధిక్షేపమును అందు కలదు. కాని ఒక కాలమునకు చెందినవాడు వేఱొక కాలమున అడుగుపెట్టి, అచటి వికారములను గుర్తించి, కాలగతి మాఱినదని తెలిసికొను కథాసంప్రదాయము మన పురాణములయందు కలదు. ఆ సంప్రదాయమున నిలిపి చూచినపుడే ఈ చిన్న నవల విలువ తేటపడును. అంతేకాదు, కాలమునే ప్రధానవిషయముగా గైకొని విశ్వనాథవారు రచించిన 'పురాణవైర గ్రంథమాల' కంటె ఈ పరిహాసరచనయే కాలస్వభావమును నిజముగా పట్టుకొన్నదని మా అభిప్రాయము. దానిని నిరూపించుటయే ఈ వ్యాసోద్దేశము.

కాలము ఇంద్రియగోచరము కాదు. దాని గతి తప్పినదని తెలియవలెనన్న ఏదో ఒక వస్తువునందు దాని జాడ కనబడవలయును. భాగవత దశమస్కంధమునందలి ముచుకుందోపాఖ్యానము ఇందులకు ఉత్తమోదాహరణము. దేవతల పక్షమున పోరాడి అలసిన ఆ రాజు గుహలో దీర్ఘనిద్ర పొందెను. కాలయవనుడు అతనిని తన్ని లేపి, అతని చూపునకు భస్మమయ్యెను. పిదప శ్రీకృష్ణుని దర్శించి గుహ వెడలిన ముచుకుందునకు మనుష్యులు, పశువులు, తీగలు, చెట్లు అన్నియు తానెఱిగిన పరిమాణముకంటె చిన్నవై తోచెను. అంతట కలియుగము వచ్చినదని నిశ్చయించుకొని అతడు ఉత్తరదిశకు తపస్సునకై పోయెను. శ్రీకృష్ణుని గుర్తించుటకు పూర్వము గర్గుడు చెప్పిన మాట అతనికి తోడ్పడినది. కాని లోకము మాఱినదను నిర్ణయమునకు మాత్రము అతడు కన్నులయెదుటి చెట్టును, పశువునే సాక్ష్యముగా గ్రహించెను. సంవత్సరముల లెక్క అతనికి అక్కఱలేకపోయెను.

నవమస్కంధమునందలి రైవతుని కథ దీనికి తోడుకథ. కుశస్థలీపతియగు రైవత కకుద్మి తన కూతురు రేవతికి తగిన వరుని తెలుపుమని అడుగుటకై బ్రహ్మసభకు పోయెను. అచట గానము జరుగుచుండుటచే క్షణకాలము వేచియుండెను. ఆ క్షణములో భూమిపై ఇరువదియేడు మహాయుగములు గడచెను. అతడు మనసున ఎంచుకొన్న వరులేకాక వారి సంతతివారును పేరుకైన మిగులలేదని బ్రహ్మ నవ్వుచు చెప్పెను. రైవతుడు తిరిగివచ్చి రేవతిని బలరామునకిచ్చి బదరికి పోయెను. విష్ణుపురాణము దీనికి మఱియొక అంశమును చేర్చినది. తిరిగివచ్చిన రాజు పొట్టివారును, అల్పతేజస్కులును అగు మనుష్యులను చూచెను. బలరాముడు మిక్కిలి పొడవుగానున్న రేవతిని నాగలికొనతో వంచి ఆ కాలపు స్త్రీలతో సమానముగా చేసెను. యుగముల అంతరము ఒక పెండ్లికూతురి ఎత్తుగా రూపుగొన్న ఈ ఘట్టము మిక్కిలి రమ్యమైనది. అయినను రైవతునకు బ్రహ్మ ముందే సర్వమును చెప్పియుండుటచే, అతడు చూచినది విన్నదానిని బలపఱచుటకు మాత్రమే పనికివచ్చినది. ముచుకుందుడో, చూచినదానినుండి స్వయముగా ఊహించినవాడు. అందువలన కథగా ముచుకుందునిదే మిన్నయని చెప్పవలసియున్నది.

పాశ్చాత్యులలో హెచ్. జి. వెల్సు రచించిన 'టైమ్ మెషీన్' 1895లో వెలువడినది. విశ్వనాథవారు జన్మించినదియు ఆ సంవత్సరముననే. వెల్సు కథానాయకుడు యంత్రము నెక్కి 8,02,701వ సంవత్సరమునకు పోవును. అచట అతనికి మొదట కనబడువారును అల్పకాయులే, సుకుమారులే. మన ముచుకుందుడు చూచిన ఆనవాలే ఇచటను ఎదురగుట గమనింపదగినది. వీరు సమస్త క్లేశములను జయించి సమష్టిసుఖమున నున్నవారని యాత్రికుడు తొలుత తలంచును. భూగర్భమున మెలగు రెండవ జాతి కనబడిన పిదప తన ఊహ తప్పని గ్రహించి దానిని సవరించుకొనును.

ఈ మూడు కథలనుండి విమర్శకునకు ఉపకరించు మూడు ప్రమాణములను రాబట్టవచ్చును. ఆనవాలు నిత్యజీవితమునందలి సామాన్యవస్తువున కనబడవలయును. యాత్రికుడు దానిని ముందుగా ఎదురుచూచినవాడు కారాదు. దానినుండి తాను చేసిన ఊహను సవరించుకొనుటకు అతడు సిద్ధముగా నుండవలయును. ఈ మూడింటిలో తుదిదే కష్టతరము.

ఇక 'విష్ణుశర్మ ఇంగ్లీషు చదువు'ను పరిశీలింతము. పంచతంత్రకర్తయగు విష్ణుశర్మయు, కవిబ్రహ్మ తిక్కనయు రచయితకు స్వప్నమున కనబడుదురు. తమకు ఇంగ్లీషు నేర్పవలసినదని కోరుదురు. స్వప్నము ఇచట వెల్సు యంత్రమునకు బదులుగా నిలిచిన వాహనము. పంచతంత్రపీఠికలో విష్ణుశర్మ మహిలారోప్యమున అమరశక్తియను రాజునొద్ద, చదువంటని ముగ్గురు రాజకుమారులను ఆఱు మాసములలో నీతికోవిదులనుగా చేయుదునని ప్రతినబూని సాధించినవాడు. అంతటి గురువు ఇచట శిష్యుడయ్యెను. గురుశిష్యస్థానములు తలక్రిందులగుటయే కాలవిపర్యయమునకు మొదటి ఆనవాలు. రచయిత దీనికి వ్యాఖ్య చేయక, పాఠము ప్రారంభించును.

రెండవ ఆనవాలు భాష. ఆంగ్లాక్షరముల తీరు, వర్ణక్రమము, వ్యాకరణనియమములు ఒక్కొక్కటిగా విష్ణుశర్మ ప్రశ్నలకు గుఱియగును. వ్రాసిన అక్షరమును పలుకుటయు, పలికిన ధ్వనిని వ్రాయుటయు సహజమని నమ్మిన సంస్కృతపండితునకు ఈ భాషలో ఆ రెంటికి పొత్తులేకపోవుట విపరీతముగా తోచును. ముచుకుందుడు చెట్టు ఎత్తునందు చూచిన వికారమును విష్ణుశర్మ అక్షరమునందు చూచుచున్నాడు. ప్రతిదినము బాలురు బడిలో వల్లించు అక్షరములకంటె సామాన్యవస్తువు ఏది కలదు? మనము అలవాటుచే చూడజాలని దానిని పరకాలమువాడు చూపుచున్నాడు. కనుక మొదటి రెండు ప్రమాణములకును ఈ నవల చక్కగా నిలిచినది.

మూడవ ప్రమాణమునకు నిలుచునా? ఇచట విమర్శకుడు కొంత ముందునకు పోవలసియున్నది. ఇంగ్లీషున కత్తికి 'నైఫ్' అనియు, రాత్రికి 'నైట్' అనియు పలుకుచు, మొదటిదానిలో 'కే' అక్షరమును, రెండవదానిలో 'జీ', 'హెచ్' అక్షరములను వ్యర్థముగా వ్రాయుదురు. ఇది అవివేకమని నవ్వుట సులభము. కాని ఆ అక్షరములు ఒకప్పుడు పలుకబడినవే. 1476లో కాక్స్‌టన్ ఇంగ్లండున అచ్చుయంత్రమును నెలకొల్పిన పిదప వర్ణక్రమము క్రమముగా గట్టిపడినది. ఉచ్చారణము మాత్రము ఆగక మాఱిపోయినది. పలుకని ఆ అక్షరము గతించిన కాలము పత్రముపై విడిచిన గుఱుతు. విష్ణుశర్మ చూచిన ఆనవాలు నిజమైనదే. అది తెలుపునది బుద్ధిలోపమును కాదు, వయస్సును. రచయిత ఈ రెండవ అర్థమును చెప్పకపోయినను, అతడు కూర్చిన సన్నివేశము దానికి చోటిచ్చుచున్నది. వ్రాసినవాని అభిప్రాయమును మించి అర్థమిచ్చుట మంచి కథకు లక్షణము.

ఇదే పరీక్ష మన భాషకును పెట్టవచ్చును. విష్ణుశర్మతోపాటు తిక్కన వచ్చుట ఇందులకు మిక్కిలి అనుకూలము. పదమూడవ శతాబ్దికి చెందిన ఆ మహాకవి నేటి తెలుగు పాఠశాలలో కూర్చున్నచో ఏమి చూచును? ర, ఱ అను రెండు వర్ణములను ప్రాచీన కవులు వేఱుగా పాటించిరి. ప్రాసస్థానమున రెంటిని కలుపుట వారికి సమ్మతము కాదు. పదునేడవ శతాబ్దమున అప్పకవి ఏ పదము ఏ రేఫము కలదో పట్టికలు వ్రాయవలసివచ్చెను. చెవికి తెలిసినదానికి పట్టిక అక్కఱలేదు గదా. కావున ఆ భేదము అప్పటికే చెవినుండి జాఱి కంటికి మాత్రము మిగిలినదని తెలియుచున్నది. మనము నేటికిని గ్రాంథికరచనలో శకటరేఫమును వ్రాయుచునే యున్నాము. మన ఱకారము ఇంగ్లీషువారి పలుకని 'కే' అక్షరమునకు తోబుట్టువు. విష్ణుశర్మ నవ్వు మనవైపునకును తిరుగునని తెలిసిననాడే ఈ నవల సంపూర్ణముగా అర్థమైనట్లు.

ఈ యాత్రను తిక్కననుండి ఇంకను వెనుకకు కొనసాగించుటకు కరీంనగర ప్రాంతమున మంచి తావు కలదు. గంగాధర మండలము కురిక్యాల సమీపమున బొమ్మలగుట్టపై, పంపకవి సోదరుడగు జినవల్లభుడు వేయించిన శాసనము క్రీ. శ. 945 ప్రాంతపుది. సంస్కృత కన్నడములతోపాటు అందు తెలుగు కందపద్యములును కలవు. నన్నయకు నూఱేండ్లకు పూర్వమే ఈ నేలపై కందము నడచినదనుటకు అది సాక్ష్యము. ఆ రాతియెదుట నిలిచిన పరిశోధకవిద్యార్థియు కాలాంతరయాత్రికుడే.

'పురాణవైర గ్రంథమాల' స్వభావము వేఱు. పండ్రెండు నవలల ఈ మాల పురాణములయందలి రాజవంశక్రమమును ఆధారముగా గొని, పాశ్చాత్యులు నిర్ణయించిన భారతచరిత్ర కాలక్రమము తప్పని చాటుటకు ఉద్దేశింపబడినది. కోట వేంకటాచలంగారి కాలగణనము దీనికి వెన్నెముక. ఆ గణనము ప్రకారము భారతయుద్ధము క్రీ. పూ. 3138లో, కలిప్రవేశము 3102లో, ఆంధ్ర శాతవాహన రాజ్యారంభము 833లో జరిగినవి. విదేశీయ చరిత్రకారుల యందు మన ప్రాచీనతను తగ్గించి చూచు దృష్టి కొంత లేకపోలేదు. దానిని ప్రతిఘటించుట న్యాయమే. కాని ఈ నవలలలో కాలక్రమము ముందే నిర్ణీతమైనది. పాత్రలు దానికి దృష్టాంతములై నడచును. ఇచట రచయిత రైవతునివలె బ్రహ్మవాక్యమును ముందే విని భూమికి దిగినవాడు. ముచుకుందునివలె చెట్టును చూచి ఊహించువాడు కాడు.

చెట్టును చూచినచో ఏమి కనబడును? అశోకుని పదమూడవ శిలాశాసనము అంతియోక, తురమాయ, అంతికిని, మగ, అలికసుందరులను యవనరాజులను పేర్కొన్నది. ఈ ఐదుగురును క్రీ. పూ. మూడవ శతాబ్ది మధ్యభాగమున సమకాలికులై పాలించినవారని గ్రీకు చరిత్రచే తెలియుచున్నది. ఆంధ్రుల పేరును ఆ శాసనముననే కలదు. అశోకుని కాలము ఇట్లు స్థిరపడగా, అతని శాసనములలోని బ్రాహ్మీలిపితో ఇతర లేఖనములను పోల్చి చూచుటకు వీలు కలిగెను. పూర్వపు కరీంనగరము జిల్లాలో, నేటి జగిత్యాల జిల్లాలో, గోదావరితో పెద్దవాగు కలియు చోట కోటిలింగాల యున్నది. 1979 తరువాత అచట పురావస్తుశాఖ త్రవ్వకములు జరిపినది. శాతవాహన వంశకర్తగా ఎన్నబడు చిముకుని నాణెములును, అతనికి ముందువారని తలంపబడు గోబద, నారన మున్నగు రాజుల నాణెములును ఆ చోట లభించినవి. వానిపై నున్న బ్రాహ్మీలిపి ఆ రాజులను క్రీ. పూ. తొమ్మిదవ శతాబ్దికి కొనిపోనీయదు. అశోకుని కాలమునకు సమీపముననో, తరువాతనో నిలుపును. విశ్వనాథవారు 1976లో పరమపదించిరి. తాము రెండేండ్లు నివసించిన జిల్లా నేలయే పలికిన ఈ సాక్ష్యమును పరిశీలించు అవకాశము వారికి కలుగలేదు. కరీంనగరమున నెలకొన్న విశ్వవిద్యాలయమునకు శాతవాహనుల పేరే పెట్టబడినది. అందు చదువు నేటి విద్యార్థికి ఆ అవకాశము కలదు.

నవలను చరిత్రగా పరీక్షించుట న్యాయమా యని కొందఱు ప్రశ్నింపవచ్చును. నవల కల్పన యగుటచే తేదీల తప్పు దానికి దోషము కాదని మేమును అంగీకరింతుము. విష్ణుశర్మయు తిక్కనయు కలిసి వచ్చుటకంటె కాలవిరుద్ధమేది? అది దోషముగా ఎవరికిని తోచదు. ఏలయన ఆ విరుద్ధతనే కథ తన పనిముట్టుగా చేసికొన్నది. పురాణవైరమాల అట్లు కాక, తన కాలక్రమమునే సత్యముగా స్వీకరింపుమని పాఠకుని కోరుచున్నది. కోరినపుడు పరీక్షకు నిలువవలయును. నవలలుగా వానియందలి పాత్రచిత్రణమును, కథనబలమును మెచ్చుటకు ఈ పరీక్ష అడ్డురాదు.

ఇది పండితులకు మాత్రమే సంబంధించిన వివాదము కాదు. 1948 వఱకు కరీంనగరము, ఆదిలాబాదు జిల్లాలు నిజాం రాజ్యమున నుండుటచే అచటి సర్కారు దస్తావేజులు ఫసలీ సంవత్సరములలో, ఆజూరు, దై, బహమన్ మొదలగు మాసములతో వ్రాయబడినవి. ఆదిలాబాదు భూమికాగితముపై 1345 అని యున్నచో అది కాకతీయుల పతనమునకు దాపు కాలమని భ్రమపడరాదు. అది 1935-36. కాగితము, స్టాంపు, ఉర్దూ పారిభాషికపదములు మొదలగు సామాన్యవస్తువులే ఆ భ్రమను తొలగించును. ప్రభవాది సంవత్సరనామముల విషయమును ఇట్టిదే. విశ్వనాథవారు కరీంనగరమునకు వచ్చిన 1959 వికారి, 2019యును వికారియే. పేరు మాత్రమున్న లేఖను ఒక ఆనవాలుతో నిర్ణయింపక, వారము, తిథి, లిపి మున్నగు రెండవ ఆనవాలుతో సరిచూచుకొనవలయును.

కావున మా నిర్ణయము ఇది. కాలవిపర్యయమును గూర్చిన రచనలో పాఠకుడు అడుగవలసినది రచయిత ఎంత ప్రాచీనకాలమును చూపెనని కాదు. ఏ ఆనవాలును చూపెను, దానికి తాను ఎంతవఱకు లోబడెనని. ఈ దృష్టితో 'విష్ణుశర్మ ఇంగ్లీషు చదువు' విశ్వనాథవారి ప్రధానకృతుల వరుసలో స్థానము పొందదగినది. స్నాతకోత్తర తరగతులలో దీనిని ముచుకుందోపాఖ్యానముతో జతపఱచి బోధించినచో విద్యార్థులకు పురాణకథనము, భాషాచరిత్ర, కాలనిర్ణయపద్ధతి అను మూడును ఒక్కచోట అభ్యాసమగును. పురాణవైరమాలను బోధించునపుడు మాత్రము కోటిలింగాల నాణెముల చిత్రములను విద్యార్థుల యెదుట ఉంచి, తీర్పును వారికే విడుచుట ఉపాధ్యాయునకు తగిన పని.