ఘాట్ ఎక్కే బుల్లెట్‌కి ఏ ప్లగ్?

అరకు ఎక్కే సర్వీసు జీపులు దాదాపు అన్నీ డీజిల్ బళ్ళే. వాటికి స్పార్క్ ప్లగ్ గొడవ లేదు. ఆ గొడవంతా పాత బుల్లెట్ వాళ్ళది, అందులోనూ బోరు పెంచి, హెడ్ ఫేసింగ్ చేయించి, కంప్రెషన్ ఎక్కించుకున్నవాళ్ళది. ఇంజన్ పనికి వేలకు వేలు పోసి, ప్లగ్ దగ్గరికొచ్చేసరికి ‘మంచి ఇరిడియం ఒకటి పడెయ్ అన్నా’ అనేస్తారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు బెంగ. అడగాల్సింది నంబరు.

శృంగవరపుకోట దాటాక ఘాట్ మొదలవుతుంది. విశాఖ ఉన్నది సముద్రం ఒడ్డున. పైనున్న శిమిలిగుడ రైల్వే స్టేషన్ ఎత్తు 996 మీటర్లు. గాలికొండ దగ్గర రోడ్డు అంతకన్నా పైకి పోతుంది. ఎక్కినంతసేపూ రెండో గేరు, మూడో గేరు. యాక్సిలరేటర్ బాగా తిప్పే ఉంటుంది, బండి మాత్రం నెమ్మదిగానే కదులుతుంది. రేడియేటర్ లేని ఇంజన్‌కి ఎదురుగాలే దిక్కు. ఆ గాలి తగ్గిన చోటే హెడ్‌లో వేడి ఎక్కువ పుడుతుంది.

పాత బీటిల్ కారు ఇంజన్ కూడా గాలితో చల్లబడేదే. కానీ దానికి ఇంజనే తిప్పే ఫ్యాన్ ఉంది, గేరు దించి ఆర్‌పీఎం పెంచితే గాలి పెరుగుతుంది. అయినా 1970 మోడల్ వరకు ఆయిల్ కూలర్ అడ్డం ఉండడం వల్ల దాని మూడో సిలిండర్ మిగతావాటికన్నా వేడెక్కేది. బుల్లెట్‌కి ఆ ఫ్యాన్ కూడా లేదు.

500 బుల్లెట్ బోరు 84 మిల్లీమీటర్లు, స్ట్రోక్ 90. బోరు 87 చేయిస్తే 499 సీసీ కాస్తా 535 అవుతుంది. పెట్రోల్ పెరిగింది, మంట పెరిగింది, ఇంజన్‌ని చల్లబరిచే రెక్కలు మాత్రం పాతవే. అదనపు వేడిలో కొంత ప్లగ్ ముక్కు మీద పడుతుంది. ఆ ముక్కు 450 డిగ్రీల సెల్సియస్ దాటితేనే మసి దానంతటదే కాలిపోయి ప్లగ్ శుభ్రంగా ఉంటుంది. 850 దాటిందా, స్పార్క్ రాకముందే ఆ ఎర్రటి మొనే పెట్రోల్‌ని అంటించేస్తుంది. అప్పుడు పిస్టన్‌కి చిల్లు పడడానికి ఎంతోసేపు పట్టదు.

హాట్ ప్లగ్, కోల్డ్ ప్లగ్ అన్నది ఈ లెక్కే. హాట్ ప్లగ్‌లో స్పార్క్ వేడిగా వస్తుందని చాలామంది అనుకుంటారు, అది తప్పు. లోపలి పింగాణీ ముక్కు పొడవుగా ఉంటే వేడి హెడ్‌లోకి దిగడానికి ఆలస్యమవుతుంది, అది హాట్. పొట్టిగా ఉంటే త్వరగా దిగిపోతుంది, అది కోల్డ్. ఒక మెట్టు మారిస్తే మొన దగ్గర సుమారు 70 నుంచి 100 డిగ్రీల తేడా వస్తుంది.

ఈ మెట్టుని చెప్పే హీట్ నంబర్ల దగ్గర జాగ్రత్త. ఎన్‌జీకేలో 6 కన్నా 7 కోల్డ్. బాష్‌లో తిరగేసి, 7 కన్నా 6 కోల్డ్. పాత మైకో డబ్బాల మీద 175, 225 అని ఉండేవి, వాటిలో పెద్దదే కోల్డ్. ఆ మైకోయే 2008లో బాష్ పేరు పెట్టుకుంది. షాపతను ‘ఇదీ అదీ ఒకటే సార్’ అంటే వెంటనే తల ఊపకండి.

బోరు, కంప్రెషన్ పెంచిన ఇంజన్‌కి కంపెనీ చెప్పినదానికన్నా ఒక్క మెట్టు కోల్డ్ చాలు. రెండు మెట్లు దిగమనే సలహాలు వింటుంటాను. అవి రేసు ట్రాక్ మాటలు. డిసెంబరు తెల్లవారుజామున లంబసింగిలో చోక్ లాగి కిక్ మీద కిక్ కొట్టేవాడికి, సంత దారిలో మూటలతో మెల్లగా పోయేవాడికి ఆ ప్లగ్ వారం తిరక్కుండా నల్లబడి మిస్ కొడుతుంది.

సరిపోయిందో లేదో ప్లగ్ చెబుతుంది. ఎక్కుడులో గట్టిగా లాగించి, వెడల్పుగా ఉన్న చోట క్లచ్ పట్టి ఇంజన్ కట్టేయాలి. ఐడిలింగ్‌లో పెడితే రంగు మారిపోతుంది. అల్యూమినియం హెడ్ వేడి మీద ప్లగ్ విప్పితే మరలు ఊడొస్తాయి, చల్లారేదాకా ఆగండి. పింగాణీ పాలు ఎక్కువ పోసిన కాఫీ రంగులో ఉంటే నిశ్చింత. తెల్లగా పాలిపోయి పొక్కులుంటే ప్రమాదం. మెరిసే చిన్న చుక్కలు కనబడితే అది కరిగిన పిస్టన్ లోహం, బండి అక్కడే ఆపేయాలి. అలాంటి గుర్తులు చూసి ఇంకా కోల్డ్ ప్లగ్ కోసం పరిగెత్తడం తప్పు. ముందు ఇగ్నిషన్ టైమింగ్, కార్బ్యురేటర్ జెట్ చూడాలి. 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్ పాత జెట్‌లో మిశ్రమాన్ని కాస్త పలచన చేస్తుంది. కొండ ఎక్కేకొద్దీ గాలి పలచబడి ఆ మిశ్రమం మళ్ళీ చిక్కబడుతుంది. అందుకే గాలికొండ దగ్గర చూసిన రంగుని నమ్మి ఊరుకోకూడదు, ఘాట్ కింది మలుపుల్లోనూ ఒకసారి చూడాలి.

మర పొడవు హెడ్‌కి సరిగ్గా సరిపోవాలి. పొడవెక్కువైతే పిస్టన్‌కి తగలొచ్చు. ఎత్తు పిస్టన్ వేయించినవాళ్ళు ముందుకు పొడుచుకొచ్చిన మొన ప్లగ్ వాడేముందు ఖాళీ కొలిపించుకోవాలి. కంప్రెషన్ పెరిగితే గ్యాప్ కొద్దిగా తగ్గించాలి, 0.6 మిల్లీమీటర్ల దగ్గర మొదలుపెట్టొచ్చు. ఇరిడియం మొన సన్నం కాబట్టి తక్కువ వోల్టేజికే స్పార్క్ ఇస్తుంది. అది మంచి గుణమే. హీట్ నంబరు తప్పయితే మాత్రం అది కాపాడదు. పైగా జెట్ ఇంకా కుదరని ఇంజన్‌లో రెండు మూడు ప్లగ్‌లు మసిపట్టి పోవడం ఖాయం, ఖరీదైనది అప్పుడే ఎందుకు?

535 చేయించుకుని అరకు ఎక్కేవాళ్ళకి నా మాట ఇది: మామూలు నికెల్ ప్లగ్, ఒక్క మెట్టు కోల్డ్, ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ ఉంటే రెసిస్టర్ ఉన్నది. టూల్ బాక్సులో కంపెనీ నంబరు ప్లగ్ ఒకటి, దాని పానా ఒకటి పెట్టుకుని బయల్దేరండి. కొండ మీద మీ నంబరు దొరుకుతుందన్న నమ్మకం పెట్టుకోకండి.