ఐత్వం - పాఠభేదం: యూనికోడ్ ఏకరూపీకరణపై ఒక పరిశీలన

రేపల్లె సమీపంలోని 'పెనుమూడి' గ్రామనామంలో తొలి అక్షరం పకారానికి ఎత్వం చేరినది. ఆ ఎత్వానికి ఐత్వపు కింది గుర్తు (0సి56) కూడితే 'పై' అవుతుంది. అదే 'పై'ని ఐత్వపు ఏకసంకేతంతోనూ (0సి48) రాయవచ్చు. చూపుకు రెండూ ఒకటే. పోల్చే ముందు నార్మలైజేషన్ అనే ఏకరూపీకరణ జరగకపోతే మాత్రం అన్వేషణలో ఒకటి దొరికి మరొకటి దొరకదు. యూనికోడ్ తెలుగు పట్టికలో ఇలా విడిపోయేది ఐత్వం ఒక్కటే.

2024లో స్థిరపడిన యూనికోడ్ కీబోర్డు నిర్దేశం ఈ భారాన్ని మీటల అమరికను రూపొందించేవారిపై మోపక, దాన్ని అమలుచేసే సాఫ్ట్‌వేరుకు అప్పగించింది. కోరినచోట నిలిపివేసే వీలూ కల్పించింది. ఏర్పాటు సమంజసమే. (అమరికలో ఆ కింది గుర్తుకు విడిగా మీట లేకపోతే చిక్కు చాలావరకు పుట్టనే పుట్టదు.)

పరిష్కర్తల సమస్య ఇంతటితో తీరదు. ఏకరూపీకరణ వల్ల శకటరేఫం, అరసున్న చెరిగిపోతాయన్న భయం నిరాధారం. అది వాటిని తాకదు. 'పెంపు', 'పెమ్పు'లను కలపదు. 'ఇంగ్లీష్‌లో' వంటి చోట్ల పొల్లు తరువాత ఉండే అదృశ్య విభాజకాన్నీ తొలగించదు. కనుక రెండు డిజిటల్ ప్రతులను యంత్రంతో సరిపోల్చేవారు పాఠాన్ని ఏ రూపంలోకి తెచ్చారో, విభాజకాలను ఏంచేశారో పీఠికలో చెప్పితీరాలి. లేకుంటే టైపు చేసినవారి అలవాటు వ్రాతప్రతి పాఠాంతరంగా నమోదవుతుంది.