పళ్ల పట్టా దారి

ఇనుప పట్టా మీద ఇనుప చక్రానికి ఉండే పట్టు చాలా తక్కువ. దారి నూరు మీటర్లకు ఏడెనిమిది మీటర్లకు మించి లేచిందంటే మామూలు ఇంజను చక్రం ఉన్నచోటే తిరగడం మొదలుపెడుతుంది. అందుకే కొండ రైలుకు రెండు పట్టాల నడుమ పళ్లున్న మూడో పట్టా వేస్తారు. ఇంజను అడుగున ఉన్న పళ్ల చక్రం ఆ పళ్లను ఒక్కొక్కటే అందుకుంటూ బండిని పైకి నెడుతుంది. దిగేటప్పుడు జారకుండా పట్టి ఆపేదీ అదే. అమెరికాలో సిల్వెస్టర్ మార్ష్ 1869లో మౌంట్ వాషింగ్టన్ మీదికి ఇలాంటి బండి నడిపాడు. స్విట్జర్లాండ్‌లో నిక్లౌస్ రిగెన్‌బాఖ్ 1871 మే 21న విట్స్‌నావ్ నుంచి రిగి కొండ మీదికి రైలు ప్రారంభించాడు. యూరప్‌లో పర్వతమెక్కిన మొదటి పళ్ల పట్టా రైలు అదే.

రిగెన్‌బాఖ్ పట్టా అచ్చంగా నిచ్చెనలా ఉంటుంది: రెండు కమ్మీలు, మధ్యలో అడ్డంగా కడ్డీలు. ఆయన దగ్గర పనిచేసిన రోమన్ ఆప్ట్ దాన్ని మార్చాడు. పళ్లు కోసిన రెండు సన్నటి పలకలను పక్కపక్కన, ఒకదాని పన్నుకు ఎదురుగా రెండోదాని సందు వచ్చేలా బిగించాడు. ఏదో ఒక పన్ను ఎప్పుడూ పట్టులోనే ఉంటుంది కనుక కుదుపు తగ్గింది. దీన్ని చూడాలంటే స్విట్జర్లాండ్ దాకా పోనక్కర్లేదు. ఊటీ బండి కల్లార్ నుంచి కూనూరు దాకా ఎక్కేది ఆప్ట్ పట్టా మీదే. దాని పాత ఆవిరి ఇంజన్లు స్విట్జర్లాండ్‌లోని వింటర్‌థూర్‌లో తయారై వచ్చినవి.

ఊటీ దారిలో బాగా నిటారైన చోట పన్నెండున్నర అడుగులకు ఒక అడుగు ఎత్తు పెరుగుతుంది. లూసర్న్ దగ్గరి పిలాటస్ మీద నూరు అడుగులకు నలభై ఎనిమిది. పళ్ల పట్టా రైళ్లలో ప్రపంచమంతటా ఇంతకన్నా నిటారుది లేదు. అంత వాలులో పైనుంచి దిగే పన్ను పట్టు తప్పి లేచిపోవచ్చు. ఎడువర్డ్ లోఖర్ చేసిన ఉపాయం మెచ్చుకోదగ్గది. పళ్లను పట్టా పైన కాకుండా రెండు పక్కలా పెట్టాడు. చక్రాలను పడుకోబెట్టి, అటొకటి ఇటొకటి పట్టాను గట్టిగా కరిచి ఉండేలా అమర్చాడు. ఇక చక్రం పైకి లేచే ప్రసక్తే లేదు. 1889లో మొదలైన ఆ దారి 1937లో కరెంటుకు మారింది, 2023లో కొత్త బోగీలు వచ్చాయి. పళ్ల అమరిక మాత్రం లోఖర్‌దే. బోగీ లోపల నేల మెట్లు మెట్లుగా ఉంటుంది. ఆల్ప్‌నాఖ్‌స్టాడ్‌లో సరస్సు ఒడ్డున ఎక్కినవాళ్లు అరగంటలో 1,600 మీటర్లకు పైగా ఎత్తుకు చేరతారు.

బ్రియెంజ్ రోట్‌హార్న్ మీదికి 1892లో మొదలైన బండి ఇప్పటికీ ఆవిరితో నడుస్తుంది. దాని బాయిలరును ముందుకు వంచి బిగిస్తారు, వాలులో లోపలి నీరు సమంగా నిలవాలని. అందుకే చదునైన స్టేషన్లో ఆ ఇంజను ముక్కు నేలకు రాస్తున్నట్టు కనిపిస్తుంది, ఎక్కుడు మొదలయ్యాక గానీ సరిగ్గా కనబడదు. గంట ప్రయాణం. గడ్డి కొండలు, ఆవుల మెడల్లో గంటలు, కిటికీకి చేరువలో రాళ్లు. కేబుల్ కార్‌లో ఇవన్నీ కాళ్ల కింద ఎక్కడో ఉండిపోతాయి.

ఈ వారం కంటపడిన ఒక టూర్ కరపత్రంలో రిగి లేదు, రోట్‌హార్న్ లేదు. ఉన్నవి రెండే: 1992 నుంచి గుండ్రంగా తిరిగే కేబుల్ కార్‌తో పేరుపడ్డ టిట్లిస్, ఇంకొకటి యుంగ్‌ఫ్రా. నెమ్మది ప్రయాణాల మీద ఈ శీర్షికకున్న మమకారం పాత పాఠకులకు తెలిసిందే కనుక, ఆ కరపత్రం మీద కోపం వచ్చిందంటే వాళ్లు ఆశ్చర్యపోరు. అయితే యుంగ్‌ఫ్రా దగ్గర ఆ కోపం నిలవదు.

జ్యూరిక్ బట్టల మిల్లుల యజమాని అడాల్ఫ్ గయర్‌జెల్లర్‌కు 1893లో కూతురితో కొండల్లో నడుస్తుండగా యుంగ్‌ఫ్రా రైలు ఊహ తట్టిందంటారు. పని 1896లో మొదలైంది. ఐగర్ కొండ పొట్టలోంచి సొరంగం తొలిచి, చివర లిఫ్టుతో యుంగ్‌ఫ్రా శిఖరం మీదికే జనాన్ని చేర్చాలని ఆయన పథకం. 1899లో ఆయన పోయాడు. డబ్బుకు కటకట, సమ్మెలు, పేలుళ్లు. ఏడేళ్లలో అవుతుందనుకున్న పనికి పదహారేళ్లు పట్టింది. 1912 ఆగస్టు 1న రైలు యుంగ్‌ఫ్రాయోక్ చేరింది. అది 3,454 మీటర్ల ఎత్తున రెండు శిఖరాల మధ్యనున్న కనుమ. 4,158 మీటర్ల యుంగ్‌ఫ్రా శిఖరం ఇప్పటికీ కాళ్లకే దక్కుతుంది. లిఫ్టు రానేలేదు.

దాదాపు తొమ్మిదిన్నర కిలోమీటర్ల ఆ దారిలో ఏడు కిలోమీటర్లకు పైగా సొరంగమే. ఐగర్ ఉత్తర ముఖం లోపలినుంచి పోయే ప్రయాణికులకు ఐగరే కనిపించదు. 2020 డిసెంబరులో గ్రిండెల్‌వాల్డ్ నుంచి ఐగర్‌గ్లెచర్ దాకా ఐగర్ ఎక్స్‌ప్రెస్ కేబుల్ కార్ మొదలైంది. అందులో పావుగంట కూర్చుంటే ఆ ఉత్తర ముఖం పక్కనే కదులుతూ, ఎదురుగా నిలుస్తుంది. పర్వతారోహకులను బలిగొన్న ఆ గోడను చూడాలంటే రైలు కన్నా తాడే మేలు. అక్కడినుంచి పైకి ఎలాగూ పళ్ల పట్టా రైలే దిక్కు.

కేబుల్ కార్‌ను తిట్టుకోవడానికి ఇంకో అడ్డంకి చలికాలం. మంచు పడితే పిలాటస్ రైలు ఆగిపోతుంది, రోట్‌హార్న్‌ది అంతకంటే ముందే ఆగుతుంది. పిలాటస్ ఎక్కాలంటే అప్పుడు క్రీన్స్ వైపు కేబుల్ కారే. రిగి, గోర్నర్‌గ్రాట్ రైళ్లు మాత్రం ఏడాది పొడుగునా నడుస్తాయి. 1898 నుంచీ కరెంటుతోనే నడుస్తున్న గోర్నర్‌గ్రాట్ బండి 3,089 మీటర్ల దాకా ఆరుబయటే ఎక్కుతుంది, మ్యాటర్‌హార్న్‌ను చాలాసేపు ఎదురుగా పెట్టుకుని. రైలు నుంచి శిఖరం చూడాలన్న సరదా ఉన్నవాళ్లకు యుంగ్‌ఫ్రా కన్నా ఇదే తగినది.

కనుక రిగికి, రోట్‌హార్న్‌కు, గోర్నర్‌గ్రాట్‌కు రైలు. పిలాటస్‌కు రైల్లో ఎక్కి కేబుల్ కార్‌లో దిగడం. యుంగ్‌ఫ్రాకు వెళ్లేటప్పుడు ఐగర్ ఎక్స్‌ప్రెస్, వచ్చేటప్పుడు క్లైన షైడెక్ మీదుగా వెంగర్నాల్ప్ రైలు. స్విస్ ట్రావెల్ పాస్ ఉన్నవాళ్లకు రిగి రైలుకు వేరే టికెట్టు అక్కర్లేదు. పిలాటస్ రైలు మామూలుగా మే నుంచి నవంబరు దాకానే నడుస్తుంది, టూరు డబ్బు కట్టేముందు తేదీ చూసుకోవాలి.