క్రైస్తవ చిత్రశిల్పాల్లో సందేహం, విశ్వాసం: గుణదల లూర్దుమాత గుహ - ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
క్రైస్తవ కళలో సందేహం విశ్వాసానికి విరోధిగా మాత్రమే కనిపిస్తుందన్న అభిప్రాయం తరచు వినిపిస్తుంది. తోమా ఘట్టానికి సంబంధించిన రెండు చిత్రాలను, విజయవాడలోని గుణదల లూర్దుమాత గుహను భారతీయ ప్రమాణ విచారం ఆధారంగా పరిశీలించి, ఆ అభిప్రాయాన్ని పునర్విచారించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: సందేహం, విశ్వాసం, ప్రమాణాలు, తోమా, గుణదల, మొక్కు.

1. ఉపోద్ఘాతం:
తెలుగులో 'అనుమానం' అనే మాటకు రెండు ముఖాలున్నాయి. వ్యవహారంలో అది శంక. తర్కశాస్త్రంలో హేతువును బట్టి తెలుసుకొనే ప్రమాణం. శంకించడం, తెలుసుకోవడం ఒకే మాటలో ఇమిడిన భాషలో సందేహాన్ని కేవలం దోషంగా చూడవలసిన పని లేదు. న్యాయదర్శనం ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం, శబ్దం అనే నాలుగు ప్రమాణాలను అంగీకరిస్తుంది. ఒక మతచిత్రం చూపరిని వీటిలో దేనివైపు నడిపిస్తున్నదని ప్రశ్నిస్తే, అందులో సందేహవిశ్వాసాల స్థానం స్పష్టమవుతుంది.

2. తోమా - శబ్దం నుంచి ప్రత్యక్షానికి:
యోహాను సువార్త 20వ అధ్యాయంలో, పునరుత్థానుడైన క్రీస్తును చూశామని తోటి శిష్యులు చెప్పిన మాటను తోమా నమ్మడు. గాయాలను చూసి, తాకితేనే నమ్ముతానంటాడు. అంటే ఆప్తవాక్యాన్ని కాదని ప్రత్యక్షాన్ని కోరాడు. తరువాత క్రీస్తు కనిపించి తాకమంటాడు. తోమా తాకినట్లు మాత్రం సువార్త చెప్పదు. ఆయనను ప్రభువుగా, దేవుడిగా ఒప్పుకొన్నాడని మాత్రమే చెబుతుంది.

ఈ మౌనాన్ని చిత్రకారులు వేర్వేరుగా పూరించారు. సుమారు 1601-02లో కరవాజ్జో గీసిన చిత్రంలో తోమా వేలు గాయంలోకి దిగుతుంది. ఆ చేతిని పట్టి నడిపించేవాడు క్రీస్తే. మరో ఇద్దరు శిష్యులు వంగి చూస్తుంటారు. చూశామని సాక్ష్యమిచ్చిన వర్గంలోని వారే మళ్ళీ ప్రత్యక్షం కోసం వంగడం గమనార్హం. సందేహం తోమా ఒక్కడిదే కాదని చిత్రం సూచిస్తుంది. 1634 నాటి రెంబ్రాంట్ చిత్రంలో తోమా గాయాన్ని తాకడు. వెలుగులో నిలిచిన క్రీస్తును చూసి వెనక్కు తగ్గుతాడు. మొదటిదానిలో స్పర్శ విశ్వాసానికి దారి. రెండవదానిలో స్పర్శ అవసరమే తీరిపోయింది. రెండింటిలోనూ సందేహించినవాడు వెలివేతకు గురికాలేదు.

3. గుణదల - ఉపమానం, దాని పరిమితి:
పటమటకు సమీపంలోని గుణదల కొండపై 1920వ దశకం మధ్యలో ఫాదర్ పి. అర్లాటి చొరవతో మరియమాత ప్రతిమ ప్రతిష్ఠితమైంది. ఏటా ఫిబ్రవరి 9 నుంచి 11 వరకు ఉత్సవాలు జరుగుతాయి. ఫ్రాన్సులోని లూర్దులో 1858 ఫిబ్రవరి 11న పద్నాలుగేళ్ళ బెర్నదెత్తకు మాత మొదటిసారి దర్శనమిచ్చిందని కథోలికుల విశ్వాసం. ఆ తరువాతి దర్శనాలకు గుహ ముందు గుమికూడిన జనానికి ఆ రూపం కనిపించలేదు. వారు చూసింది ఆ బాలిక ముఖాన్నే. స్థానిక గురువు కూడా వెంటనే నమ్మక, కనిపించిన స్త్రీ పేరు కనుక్కొని రమ్మన్నాడు. దర్శనం ఒక్కరిది, మిగిలిన వారందరికీ శబ్దమే ఆధారం.

1864లో శిల్పి ఫాబిష్ చెక్కిన పాలరాతి విగ్రహాన్ని అక్కడ నెలకొల్పారు. తాను చూసిన రూపానికి అది సరిపోలడం లేదన్న అసంతృప్తిని బెర్నదెత్త వెలిబుచ్చినట్లు చరిత్రకారులు నమోదు చేశారు. ప్రపంచమంతటా వ్యాపించిన లూర్దుమాత ప్రతిమలకు ఆ విగ్రహమే మాతృక. కనుక గుణదల యాత్రికుడు చూసేది పోలికకు పోలిక. ఆవును ఎరిగినవాడు 'ఆవు వంటిది' అన్న మాటను తలచుకొని గవయాన్ని గుర్తుపడతాడని నైయాయికులు ఉపమానాన్ని వివరిస్తారు. ఇక్కడ మూలరూపాన్ని యాత్రికుడూ ఎరగడు, శిల్పీ ఎరగడు. ఎరిగిన ఒక్క సాక్షి ఆ పోలికతో తృప్తి పడలేదు. అందువల్ల విగ్రహం రుజువు కాజాలదు. నాడు జనానికి కనిపించని రూపాన్ని అది కళ్ళ ముందు నిలుపుతుంది. నమ్మవలసిన బాధ్యతను మాత్రం చూపరికే వదిలివేస్తుంది.

4. మొక్కు - షరతుతో కూడిన నమ్మకం:
గుణదలలో భక్తులు తలనీలాలు సమర్పిస్తారు, కొబ్బరికాయలు కొడతారు. వీరిలో క్రైస్తవేతరులూ ఉన్నారు. 'మొక్కు' అంటే నమస్కారం. నెరవేరితే చెల్లిస్తానన్న మాట కూడా. మొక్కుకొన్నవారు తోమా వలెనే రుజువు కోరుతున్నారు. అయితే తోమా రుజువు దొరికే వరకు నమ్మనన్నాడు. మొక్కుకొన్నవారు రుజువుకు ముందే మాట ఇస్తారు. ఇక్కడ సందేహం విశ్వాసానికి బయట లేదు, దాని నిబంధనలోనే ఉంది. మొక్కు తీరకపోయినా నిలిచే నమ్మకాన్ని మాత్రం ఈ నిబంధన వివరించలేదు. ఆ నమ్మకం ఏ ప్రమాణానికీ లొంగదని అంగీకరించవలసి ఉంటుంది.

5. ముగింపు:
న్యాయదర్శన పరిభాషను క్రైస్తవ కళకు అన్వయించడం బయటి కొలతతో కొలవడమేనన్న ఆక్షేపణ రావచ్చు. కానీ తెలుగు క్రైస్తవులు నమ్మేది, శంకించేది, మొక్కేది ఈ మాటలతోనే. కరవాజ్జో సందేహానికి స్పర్శనిచ్చాడు. రెంబ్రాంట్ దాన్ని దర్శనంతో ఆపాడు. గుణదల గుహ దాన్ని చూపరికే అప్పగించింది. తెలుగు నేలపై ఉన్న క్రైస్తవ ప్రతిమలను భక్తిచిహ్నాలుగా లెక్కించి వదిలివేయక, నమ్మకం ఎలా ఏర్పడుతుందో విచారించే ఆకరాలుగా చదవడం పరిశోధకుల బాధ్యత.